కడుపునొప్పి ఏ తేదీల్లో వస్తోందో అడగండి

సంపాదకులకు నమస్కారం.

మీ మహిళల పేజీలో ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరిగే జబ్బు) మీద వచ్చిన వ్యాసం చదివాను. నెలసరి నొప్పి, పిల్లలు కలగకపోవడం దగ్గరే ఆగిపోయారు. ఈ జబ్బు పేగుకి కూడా వస్తుంది. నాకు వచ్చింది అదే.

నేను శ్రీకాకుళంలో బస్సు కండక్టర్‌ని. పీరియడ్స్‌కి ముందు రోజు నుంచే పొట్ట ఉబ్బిపోయేది. ఆ రోజుల్లో మోషన్‌కి వెళ్తే గోడ పట్టుకుని లేవాల్సిందే. ఒక నెల మలబద్ధకం, ఇంకో నెల విరేచనాలు. విశాఖ సర్వీసు పడిందంటే రణస్థలం దాటేదాకా టెన్షనే. నిండు బస్సులో డ్రైవర్ అన్నకి ఏమని చెప్పి ఆపమంటాం? టిఫిన్ మానేసి డ్యూటీ ఎక్కేదాన్ని.

ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు ఐబీఎస్ అనే పేగుల సమస్య అన్నారు, ఒకరు మొలలన్నారు. పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే కొలనోస్కోపీలో ఏమీ లేదు. ఈ జబ్బు పేగు బయటి గోడకి పట్టుకుంటుందట, లోపలి పొర దాకా రాకపోతే కెమెరాకి కనిపించదట. కడుపు డాక్టరు నొప్పి నెలసరితో వస్తోందా అని అడగరు, గైనిక్ డాక్టరు మోషన్ గురించి అడగరు. రెంటికీ మధ్య నలిగేది మనమే.

చివరికి విశాఖలో ఒక డాక్టరమ్మ, "ఈ నొప్పి ఏ తేదీల్లో వస్తోందమ్మా?" అని అడిగారు. నేను సెలవు పెట్టిన తేదీలు చెప్తుంటే ఆవిడ పక్కన నెలసరి తేదీలు రాసుకున్నారు. ఆ తర్వాతే లోపలి నుంచి చేసే స్కానింగ్, ఎంఆర్ఐ. గర్భసంచి లోపలి పొరలాంటిదే పెద్దపేగు చివర పెరిగి అతుక్కుపోయింది.

"ఆ సంచేదో తీయించేస్తే పీడ పోద్ది కదమ్మా" అంది మా అత్తయ్య. ఆవిడ తప్పు లేదు, మా వైపు చిన్న వయసులోనే తీయించుకున్నవాళ్లు ఇంటికొకరు కనిపిస్తారు. కానీ సంచి తీసినా పేగు మీద ఉన్నది పేగు మీదే ఉంటుందని డాక్టరమ్మ చెప్పారు. ఇప్పుడు రోజూ డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర వేసుకుంటున్నాను, నొప్పి చాలా తగ్గింది. పేగు దారి ఇరుకైతే మాత్రం ఆపరేషన్ తప్పదు. పైపైన గీకి తీయాలా, ఆ ముక్క కోసి కుట్టాలా అన్నది లోతుని బట్టి ఉంటుందట. అప్పుడు గైనిక్ సర్జన్ పక్కన పేగుల సర్జన్ కూడా ఉండాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో సుమారు 10 శాతం మందికి ఈ జబ్బు ఉంది. పేగుకి పాకేది వాళ్లలో కొందరికే. అయినా ఆ కొందరు పలాసలోనో, పాతపట్నంలోనో గ్యాస్ మాత్రలు మింగుతూ ఉండొచ్చు. గర్భమేమో అని చివరి నెలసరి తేదీ ఎలాగూ అడుగుతారు కదా, ఓపీ చీటీలో దాని పక్కనే నొప్పి మొదలైన తేదీ కూడా రాయమని మన జిల్లా ఆస్పత్రుల డాక్టర్లకి నా మనవి. దానికి మిషన్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. నెలసరిలో మోషన్‌తో రక్తం పడితే అది మామూలేనని ఊరుకోవద్దని ఏఎన్ఎంలు, ఆశా అక్కలు కూడా ఇళ్లకి వెళ్లినప్పుడు చెప్పాలి.

మీరు ఈ జబ్బు మీద మళ్లీ రాస్తే ఈసారి గైనకాలజిస్టుతో పాటు ఒక పేగుల డాక్టర్‌ని కూడా అడిగి రాయండి.

ఇట్లు,
ఒక మహిళా కండక్టర్, శ్రీకాకుళం
(పేరు ప్రచురించవద్దని మనవి)