విషయం: కవరత్తిలో మేము ఎక్కని పడవ, మీరు ఎత్తని ఫోను

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం కస్టమర్ కేర్‌కి కాకుండా నేరుగా మీకే రాస్తున్నాను. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మీరు నడిపిన లక్షద్వీప్ యాత్రకి కొచ్చిలో ఓడ ఎక్కిన తెలుగు బృందంలో నేను, మా ఆవిడ, మా అమ్మ ఉన్నాం. ఓడ మీద నాకు పేచీ లేదు. మినికాయ్‌లో 1885 నాటి లైట్‌హౌస్ చూశాం, బాగుంది. గొడవంతా కవరత్తిలో దిగిన రోజుదే.

మా అమ్మది శ్రీకాకుళం జిల్లా. శ్రీకూర్మనాథుడికి దండం పెట్టుకోనిదే కాఫీ కూడా తాగదు. మీ బ్రోచర్‌లో ‘అద్దాల పడవలో సముద్ర తాబేళ్ల దర్శనం’ అన్న ముక్క చదివే ఈ వయసులో సముద్రం మీదికి వచ్చింది. (ఆ బ్రోచర్ బొమ్మలో ఒకమ్మాయి తాబేలుని వాటేసుకుని ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జీవి అది, పట్టుకుంటే కేసవుతుంది. ముందు ఆ బొమ్మ తీయించండి.)

ఓడ లగూన్ (దీవి పక్కన పగడపు దిబ్బల లోపల ఉండే లోతు తక్కువ నీళ్లు) బయటే ఆగుతుంది కదా. అలల మీద ఎగిరెగిరి పడుతున్న చిన్న పడవలోకి అమ్మని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని దించారు. తీరా ఒడ్డుకి చేరాక తెలిసిందేమిటంటే, అద్దాల పడవ కూపన్లన్నీ మీ కోఆర్డినేటర్ కొచ్చి హోటల్లో వదిలేసి వచ్చాడట. మేమే డబ్బు కట్టి ఎక్కుతామంటే, ‘వద్దు సర్, మనది ప్యాకేజీ, ఆఫీసుతో మాట్లాడుతున్నా’ అని షెడ్డు కింద కూర్చోబెట్టాడు. మిగతా బృందాలు ఎక్కడం, దిగడం, మా ముందే ఫోటోలు చూసుకుని మురిసిపోవడం అన్నీ అయ్యాయి. ఈయన మాట్లాడుతూనే ఉన్నాడు.

తిరిగి వెళ్లడానికి జెట్టీ మీద నిలబడ్డప్పుడు ఒక తాబేలు తనంతట తనే పైకి తేలింది. తల బయటపెట్టి ఫుస్సుమని ఊపిరి వదిలింది. నోటి పక్కన సముద్రపు గడ్డిపోచ వేలాడుతోంది. అమ్మ చెప్పులు విడిచి చేతులు జోడించి కళ్లు మూసుకుంది. తెరిచేలోపు మీవాడు ‘ఆంటీ, టైమైపోయింది, నడవండి’ అని చెయ్యి పట్టుకుని లాగాడు. మనవడి వయసున్నవాడు, ఆంటీ అట!

ఇంతవరకైతే మనిషన్నాక మతిమరుపు ఉంటుందని ఊరుకునేవాణ్ణి. మా ఆవిడ కూడా పోనిద్దురూ అంది. ఊరుకోనివ్వనిది మీ ఆఫీసు.

ఫోన్ చేస్తే ‘మీ కాల్ మాకెంతో విలువైనది’ అని ముందు ఒక పాట. ఆ విలువ ఎంతంటే, పాట అయ్యేసరికి లైన్ కట్. దొరికిన మొదటి అమ్మాయి కథంతా విని, ‘ఎస్కలేట్ చేశాం సర్, టెన్షన్ పడకండి’ అంది. రెండోసారి దొరికినతనికి ఎస్కలేషన్ ఆనవాలే లేదు. మళ్లీ మొదటినుంచి చెప్పించుకుని, ‘సర్, తాబేలు మనం ప్రొవైడ్ చేసిందేనా?’ అని అడిగాడు. ఏమని చెప్పాలి? ఇంకొకాయన మరీ ఘనుడు. పడవ ఎక్కలేదనడానికి ఫోటో ఏదైనా ఉంటే వాట్సాప్ చేయమన్నాడు. ఎక్కని పడవకి ఫోటో ఎలా తీస్తారో ఆయన్నే పంపమనండి, నేర్చుకుంటాను. షెడ్డు కింద కూర్చున్న ఫోటో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

చివరికి పంజాగుట్టలో మీ ఆఫీసుకే వెళ్లాను. రిసెప్షన్‌లో మంచినీళ్లిచ్చారు, అబద్ధం చెప్పను. మేడం మీటింగ్‌లో ఉన్నారన్నారు. గాజు తలుపు వెనక మేడం టిఫిన్ డబ్బా మూత తీయడానికి తంటాలు పడుతున్నారు. నేను కూర్చునే ఉన్నాను. ఆవిడ తిన్నారు, చెయ్యి కడుక్కున్నారు, వెనక తలుపు నుంచి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే నా ఫోనుకి మెసేజ్: ‘కస్టమర్ సంతృప్తి చెందినందున మీ ఫిర్యాదు ముగించబడినది. దయచేసి 5 స్టార్లు ఇవ్వండి.’

అయ్యా, కాశీకి మీతోనే వెళ్లాం. చార్‌ధామ్‌కి మీతోనే. మా నాన్నగారు ఉన్నప్పుడు రామేశ్వరం కూడా మీ బస్సులోనే. అప్పుడు మీది ఒక్క గది ఆఫీసు. మీ నాన్నగారే స్వయంగా బస్సెక్కి అందరూ వచ్చారా అని తలలు లెక్కపెట్టుకునేవారు. మా చెల్లెలి కుటుంబాన్ని, మా వియ్యంకుల్ని మీ దగ్గరికి పంపింది నేనే. అలాంటివాడికి ఇప్పుడు మీ సిస్టమ్‌లో ట్రిప్ కంప్లీటెడ్ అని చూపిస్తోంది కాబట్టి మాట్లాడేదేమీ లేదట.

పడవ డబ్బులు ఎలాగూ ఇవ్వాలి, అది వేరే చెప్పాలా? కానీ నేను అడిగేది అదొక్కటే కాదు. మీలో పేరూ హోదా ఉన్న మనిషి ఒకరు మా అమ్మకి ఫోన్ చేసి జరిగినదానికి సంజాయిషీ చెప్పాలి. లేదంటే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, 2019 చట్టం కింద జిల్లా కమిషన్ ఉంది. నేను రిటైరైనవాణ్ణి, తీరికకి లోటు లేదు. మా కాలనీ వాకర్స్ గ్రూపులో అందరూ యాత్రలు చేసేవాళ్లే. వాళ్లకింకా ఏమీ చెప్పలేదు.

ఇంకో మాట. మీ ఆఫీసులో నా నంబరు ఎవరి దగ్గరా లేదంటున్నారు గానీ, అండమాన్ ఆఫర్ మెసేజ్‌లు మాత్రం రోజూ వస్తున్నాయి. ముందు అవి ఆపించండి.

ఇట్లు,
మీ పాత కస్టమరు

జత: రసీదు నకలు, షెడ్డు కింద కూర్చున్న ఫోటో