పేగు క్యాన్సర్: కోసి తీసిన ముక్కను ఇంకొక పరీక్షకు పంపాలి

సంపాదకులకు,

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నలభై ఏళ్లకే ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వస్తే నెపం నీళ్ల మీదికో కారం మీదికో పోతుంది. మేనత్తకు గర్భసంచి క్యాన్సర్ వచ్చిందన్న సంగతి మాత్రం కేసుషీటులోకి ఎక్కదు. ఆమె వేరే ఇంటికి వెళ్లిపోయిన మనిషి కదా! కానీ ఈ రెండు క్యాన్సర్లకూ ఒకే మూలం ఉండొచ్చు: లించ్ సిండ్రోమ్. డీఎన్ఏ నకలులో పడే తప్పుల్ని దిద్దే ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 జన్యువుల్లో ఒకటి పుట్టుకతోనే చెడి ఉంటుంది. అమ్మవైపు నుంచైనా నాన్నవైపు నుంచైనా, ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం సగం. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు నూటికి 3 ఇలాంటివే.

దీన్ని పట్టుకునే మొదటి పరీక్ష ఆపరేషన్లో తీసిన ముక్క మీదే జరుగుతుంది. ఆ నాలుగు జన్యువులు తయారుచేసే ప్రొటీన్లకు రంగు వేసి చూస్తారు. ఏదైనా ప్రొటీన్ కనబడకపోతే ఆ జన్యువు చెడి ఉండొచ్చు. అందరికీ చేయడమే మంచిది, కనీసం 50 ఏళ్ల లోపు వాళ్లకు తప్పనిసరి. ముక్కను సెలైన్లో గంటల తరబడి వదిలేస్తే పరీక్ష చెడిపోతుంది. వెంటనే ముక్కకు పదిరెట్ల పరిమాణంలో, కణాలు చెడకుండా కాపాడే ద్రావణమైన ఫార్మలిన్‌లో ముంచి 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు దాటకుండా ఉంచాలి. పక్కనున్న మామూలు కణాలకు కూడా రంగు పట్టలేదంటే ప్రొటీన్ లేదని కాదు, పరీక్ష పనికిరాలేదని. ఎంఎల్‌హెచ్1, దాంతోపాటు పీఎంఎస్2 కనబడకపోతే తొందరపడొద్దు. పెద్ద వయసులో వారసత్వం లేకుండానే ఆ మొదటి జన్యువు మూతపడొచ్చు. ఆ తేడా తేల్చే బీరాఫ్, మిథైలేషన్ పరీక్షలు ముక్క మీద చూశాకే, పుట్టుకతో వచ్చిన జన్యులోపాన్ని వెతికే రక్తపరీక్షకు వెళ్లాలి.

రక్తపరీక్ష ముందు జబ్బుపడ్డ మనిషికే చేయాలి. ఆ ఇంటి లోపం ఏదో తేలకుండా ఆరోగ్యంగా ఉన్న తమ్ముడికి చేయిస్తే, 'ఏమీ లేదు' అన్న రిపోర్టుకు విలువ తక్కువ. 'అర్థం స్పష్టంగా లేని మార్పు' అని వస్తే దాన్ని చూసి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. లోపం ఉందని తేలినవాళ్లకు 25 ఏళ్ల నుంచి, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అయితే 30-35 నుంచి, ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయాలి. మేనరికాలున్న ఇళ్లలో ఇంకో ప్రమాదముంది: తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ లోపమే ఉంటే, రెండు వైపులా అందుకున్న బిడ్డకు చిన్నతనంలోనే మెదడు, రక్తం, పేగు క్యాన్సర్లు రావొచ్చు.

చెన్నైకో వేలూరుకో వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితమొక్కటే కాదు, ఆ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు కూడా అడిగి పట్టుకెళ్లండి. కాగితానికి రంగు వేసి చూడలేరు. మే నెల ఎండలో కారులో వదిలేయకండి, మైనం మెత్తబడుతుంది.

- ఒక పాథాలజిస్టు, నెల్లూరు