డెంగీకి అజిత్రోమైసినా?

సంపాదకులకు,

పోయినవారం జిల్లా పేజీలో డెంగీ మీద మీరు వేసిన వ్యాసం కత్తిరించుకుని మరీ జనం అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయోటిక్స్ ఇమ్మని మా మందుల షాపుకొస్తున్నారు. వైరస్ ప్రోటీన్లు తయారుచేసుకోకుండా యాంటీబయోటిక్స్ ఆపేస్తాయని రాశారుగా! డాక్టరు చీటీ లేకుండా ఇవ్వనంటే, "పేపర్లోనే ఏసినారు కదేటి, నువ్వేటి ఇవ్వనంటావు" అని తగువు. చీటీ లేకుండా వాడొద్దని మాత్రల అట్ట మీద వేసే ఎర్రగీతకి లేని విలువ మీ పేపర్‌కుంది, సంతోషం.

అసలు వైరస్‌కి ప్రోటీన్ తయారుచేసే సరంజామా ఎక్కడుంది? కణాల్లో ప్రోటీన్లు అల్లే యంత్రం రైబోజోము, అది ఒక్కటి కూడా ఉండదు. డెంగీ వైరస్ తెచ్చుకునేది సుమారు 11 వేల అక్షరాల ఆర్‌ఎన్‌ఏ, అంటే తన ప్రోటీన్లెలా చెయ్యాలో రాసున్న జన్యు పదార్థం. ఒట్టి చేతులతో దిగిన కొత్తల్లుడిలా వంటంతా మన కణం చేతే చేయిస్తుంది. మన రైబోజోములు ఆ ఆర్‌ఎన్‌ఏని మన సొంతదే అనుకుని చదివి, 3 వేలకు పైగా అమైనో ఆమ్లాలతో ఒకే పొడుగాటి గొలుసు అల్లుతాయి. దాన్ని వైరస్ ఎంజైము కొంత, మన ఎంజైములు కొంత కోస్తే 10 ప్రోటీన్లు. మూడింటితో కొత్త వైరస్ ఒళ్లు తయారవుతుంది. డెంగీ ఉందో లేదో తెలుసుకోడానికి డబ్బు కట్టి అందరూ చేయించుకునే ఎన్‌ఎస్‌1 పరీక్షలో వెతికేది మిగతా ఏడింటిలో ఒకదాన్ని. అదీ మన కణాలు చేసిపెట్టిన సరుకే!

అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ పట్టుకునేది బ్యాక్టీరియా రైబోజోముని. దాని నిర్మాణం వేరు, మనది వేరు. వైరస్ వాడుకునేది మనది. ఇంక ఆ మాత్ర ఎవర్ని ఆపుతుంది? స్క్రబ్ టైఫస్‌కి డాక్సీ పనిచేస్తుంది, అది బ్యాక్టీరియా జ్వరం కాబట్టి. జ్వరాలన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలాగండీ?

ఇదివరకు పేపర్లలో సైన్సుకో పేజీ ఉండేది, తెలిసినవాళ్లు రాసేవారు. ఇప్పుడా జాగాలో రాశిఫలాలు, హీరోయిన్ల డైటు. అధికారులు సరేసరి. కాలువల్లో పూడిక తియ్యరు, ఫాగింగ్ మిషన్ పక్కన ఫొటో దిగిపోతారు. ఆ ఫొటో మాత్రం మీరు నాలుగు కాలాల్లో వేస్తారు!

సవరణ వేసే ఉద్దేశముంటే అదే పేజీలో, అంతే సైజులో వెయ్యండి. క్లాసిఫైడ్స్ కింద చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తే తెర్లాం, బాడంగి నుంచి కాగితం పట్టుకొచ్చేవాళ్ల కంటబడదు. డెంగీ అనుమానముంటే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వాడకూడదనీ, రక్తస్రావం ముదురుతుందనీ అందులోనే చేర్చండి. అంత పొడుగు వ్యాసంలో ఆ ముక్క లేదు.

– ఒక మందుల షాపు యజమాని,
విజయనగరం జిల్లా