వానలో వ్యాక్సిన్ క్యాంపు, మీ మామ్మ సంగతి (2021)

ఒరేయ్ మావా,

నిన్న ఫోన్లో "ఏంట్రా గొంతు అలా ఉంది" అన్నావు కదా, అప్పుడు చెప్పే ఓపిక లేదు. ఆదివారం పొద్దున్నించి చీకటి పడేదాకా మన స్కూల్లో పెట్టిన కోవిడ్ వ్యాక్సిన్ క్యాంపులోనే ఉన్నాను. మధ్యలో మీ మామ్మ సంగతి కూడా ఉంది, అందుకే వాట్సాప్‌లో రెండు ముక్కలు కొట్టి ఊరుకోకుండా తీరిగ్గా రాస్తున్నా. నువ్వూ తీరిగ్గా చదువు.

శ్రావణంలో మన దగ్గర ముసురు పడితే ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? శనివారం రాత్రి పట్టుకుంది, తెల్లారేసరికి రామాలయం వీధిలో పిక్కల్లోతు నీళ్ళు. ఈ వానలో ఎవరొస్తారు, క్యాంపు వాయిదా వేస్తారేమో అనుకున్నాం. ఎనిమిదిన్నరకి చూస్తే మన సచివాలయం నర్సు, ఏఎన్ఎమ్ గారు బండి వెనక కూర్చుని, వ్యాక్సిన్ పెట్టెకి పాలిథిన్ కవరు చుట్టి ఒళ్ళో పెట్టుకుని దిగారు. ఆవిడ మాత్రం తల నుంచి కాళ్ళ దాకా తడిసిపోయారు. పెట్టె మీద ఒక్క చుక్క లేదు.

ఆ పెట్టె సంగతి నాకు ఆ రోజే తెలిసింది. నాలుగు పక్కలా నాలుగు ఐస్ ప్యాకులు, మధ్యలో వయల్స్, అంటే మందు సీసాలు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాలి. నేను చల్లగా ఉంటే చాలనుకునేవాణ్ణి, కానీ గడ్డ కట్టినా పాడైపోతుందట. అందుకని ఫ్రీజర్లోంచి తీసిన ప్యాకుల్ని వెంటనే పెట్టెలో పెట్టరు. కాసేపు బయట ఉంచి, పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినిపించాక పెడతారు. పీహెచ్‌సీలో తెల్లవారుజామునే మొదలుపెడితే గానీ ఇదంతా అవ్వదు. మనం తొమ్మిదింటికి వచ్చి "ఇంకా మొదలెట్టలేదా" అంటాం!

స్కూళ్ళు బాగుచేసే నాడు-నేడు పథకంలో బాగుచేసిన గదులు ఇచ్చారు కాబట్టి సరిపోయింది, మనం ఏడో క్లాసు చదివిన గదయితే లోపల కూడా గొడుగు వేసుకోవాల్సొచ్చేది. ఒక గదిలో పేర్లు, ఒక గదిలో సూది, మూడో గదిలో అరగంట కూర్చోబెట్టడం. గవర్నమెంటు వాలంటీర్లు, ఆశా అక్కలు ఇద్దరు, ఊరికే సాయానికి వెళ్ళిన మా బోటివాళ్ళం నలుగురైదుగురం. నాకు పేర్లు రాసే పని ఇచ్చారు. తొమ్మిదింబావుకి కరెంటు పోయింది, దాంతోపాటే సిగ్నలూ పోయింది, పేర్లు ఎక్కించే కోవిన్ యాప్ తెరుచుకోదు. ఇంక ఎక్సర్‌సైజు పుస్తకంలో గీతలు గీసి పేరు, ఆధార్, ఫోను నంబరు రాసుకుంటూ పోయాం, తర్వాత ఎక్కించొచ్చని. ఫోను నంబరు దగ్గరే వచ్చింది చిక్కు. ఒక నంబరు మీద నలుగురికే నమోదవుతుంది, మనూళ్ళో ఇంటికి ఒక్కటే ఫోను, అది కొడుకుతో పాటు హైదరాబాదులోనో కువైట్‌లోనో ఉంటుంది. ఆ నంబరు ఏ చిల్లర కాగితం మీదో రాసి కొంగున ముడేసుకొచ్చిన వాళ్ళు ఎంతమందో! వానకి ఆ కాగితం తడిసి అంకెలు అలుక్కుపోతే ఇద్దరం దీపం కింద పెట్టి అది ఏడా ఒకటా అని చూసుకున్నాం.

పదింటిదాకా పట్టుమని ఇరవై మంది లేరు. జనం భయపడుతున్నారు, మూఢనమ్మకాలు అని టీవీలో అంటుంటారు కదా, ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుందిరా. మన చిన్నపేట వీధిలోకి వెళ్ళి అడిగాను. ఒకావిడ చాలా సూటిగా చెప్పింది. "సూది వేయించుకుంటే రేపు జ్వరం, ఎల్లుండి ఒళ్ళు నొప్పులు, కలుపు తీతకి నా బదులు నువ్వెళతావా బాబూ?" ఏమంటాం? రెండు రోజుల కూలి పోతే ఆ ఇంట్లో ఎలా గడుస్తుందో మనకి తెలియనిదా. ఈ వానకి రేపు ఎలాగూ పనుండదు, ఇవాళే మంచిదని ఆశా అక్క అంది చూడు, అదీ తెలివంటే! ఆ ఒక్క మాటకి ఆ వీధిలోంచి పదిహేను మంది దాకా కదిలారు. వాన వల్ల క్యాంపు దెబ్బతింటుందని పొద్దున్న దిగులుపడ్డాం, చివరికి ఆ వానే జనాన్ని పంపింది.

వచ్చిన వాళ్ళలో ఒకమ్మాయి ఏమీ తినకుండా వచ్చింది. సూది పడగానే కళ్ళు తిరిగి పక్కకి ఒరిగిపోయింది. గదంతా ఒక్కసారిగా గొల్లుమంది. ఏఎన్ఎమ్ గారు ఏమాత్రం తొణకలేదు, బెంచీ మీద పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టించి, నాడి చూసి, గ్లూకోజు నీళ్ళు తాగించారు. పది నిమిషాల్లో లేచి కూర్చుంది. ఇలాంటప్పుడు మందు మీదకే వెళుతుంది అనుమానం. ఆ అమ్మాయి లేచి నవ్వేదాకా వరండాలో ఉన్నవాళ్ళెవరూ లోపలికి రాలేదు.

నన్ను బాగా బాధపెట్టింది మాత్రం చెరువు మీద కాపలా ఉండే పెద్దాయన. రెండో డోసుకని గట్టు మీద బురదలో నడిచొచ్చాడు. తీరా చూస్తే మొదటిది వేసి 81 రోజులే అయింది, 84 నిండాలి. మొదట్లో నాలుగు వారాలన్నారు, తర్వాత ఆరు నుంచి ఎనిమిదన్నారు, మే నెలలో పన్నెండు నుంచి పదహారు చేశారు, ఆయనకి ఏం గుర్తుంటుంది? "మూడ్రోజులకి ఏమవుద్దండి" అని ఒకటే బతిమాలాడు. మా చేతుల్లో ఏముంది? బుధవారం నేనే బండి మీద తీసుకెళతానని చెప్పి వెనక్కి దింపొచ్చాను.

ఇంక అసలు సంగతి. మూడింటికి వాన మళ్ళీ జోరందుకుంది. అప్పటికి తెరిచిన వయల్స్ అయిపోయాయి, వరండాలో ఆరుగురే మిగిలారు. కోవిషీల్డ్ వయల్ అంటే పది డోసులు, తెరిచాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యాల్సిందే. ఏఎన్ఎమ్ గారు కాసేపు ఆలోచించారు. ఈ ఆరుగుర్ని వెనక్కి పంపితే మళ్ళీ వస్తారన్న నమ్మకం లేదు, తెరిస్తే నాలుగు డోసులు గాల్లో. చివరికి తెరిచారు. పెన్ను తీసి ఆ చిన్న లేబుల్ మీద 3.10 అని రాసి, "ఏడింటిదాకా కూర్చుంటాను, మీరు మనుషుల్ని తీసుకురండి" అన్నారు.

గొడుగులు తీసుకుని తలో వీధికీ పరిగెత్తాం. నేను నేరుగా మీ ఇంటికే వెళ్ళాను. మామ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. జూన్ నుంచి చెబుతున్న మాటే మళ్ళీ చెప్పింది. "నాకెందుకురా, నేను బతికేది ఇంకెన్నాళ్ళు, ఆ మందేదో పిల్లలున్న వాళ్ళకి వెయ్యండి." ఆవిడకి సూదంటే భయమని నువ్వూ నేనూ అనుకున్నాం కదా, అది కాదురా. తన వాటా ఇంకొకళ్ళకి పోవాలని ఆవిడ పట్టుదల. నేను సీసా సంగతి చెప్పాను. తెరిచేశారు మామ్మా, నువ్వు రాకపోతే అది ఎవరికీ పోదు, పారబోస్తారు అన్నాను. గింజ తీయడం ఆపేసింది. "పారబోస్తారా?" అంది. కంచంలో మెతుకు వదిలితే మనల్ని ఎలా చూసేదో గుర్తుందిగా, అదే చూపు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, "పద, గొడుగు సరిగ్గా పట్టు" అంది.

తర్వాత అరగంట పక్కనే కూర్చున్నాను. జాకెట్టు చెయ్యి పైకి మడిచి తన పాత టీకా మచ్చలు చూపించింది, గుండ్రంగా రూపాయి బిళ్ళంత ఉన్నాయి. చిన్నప్పుడు ఊళ్ళోకి టీకాలాయన వస్తే పిల్లలంతా గడ్డిమేటు వెనక దాక్కున్నారట, వాళ్ళ నాన్న చెవి పట్టుకుని లాక్కొచ్చి వేయించాడట. చెల్లెలికి ఆ రోజు ఒళ్ళు బాలేదని వదిలేశారు. మరుసటేడు అమ్మవారు పోసి ఆ పిల్ల పోయింది. నీకెప్పుడైనా చెప్పిందా? నాకైతే ఇదే వినడం. 1975లో మన దేశంలో చివరి మశూచి కేసు, 1977లో ఇంక లేదని ధ్రువీకరించారు అని మనం సోషల్లో ఒక మార్కు కోసం బట్టీ పట్టిన ముక్క, ఆవిడ పక్కన కూర్చుని ఆ మచ్చలు చూస్తుంటే వేరేగా అనిపించింది. మన లెక్కల మాస్టారు కూడా గుర్తొచ్చారు. మేలో ఆయన బెడ్డు కోసం నువ్వక్కణ్ణుంచీ నేనిక్కణ్ణుంచీ రాత్రంతా ఫోన్లు చేశాం. ఆయన వయసుకి మార్చి నెలలోనే వేయించుకోవచ్చు, ఎండలు తగ్గాక చూద్దాంలే అన్నారు.

ఆరుంబావుకల్లా ఆ వయల్ అయిపోయింది. అందులో కాస్త ఎక్కువే ఉంటుంది, చెయ్యి తిరిగినవాళ్ళు పదకొండో డోసు కూడా తీస్తారు. ఏఎన్ఎమ్ గారు తీశారు. పొద్దున్నించీ ముసలివాళ్ళని డబ్బులు తీసుకోకుండా తిప్పిన ఆటో అబ్బాయికి వేశారు.

మామ్మకి ఆ రాత్రి కొంచెం జ్వరం తగిలింది, పారాసెటమాల్ వేశాను, పొద్దున్నే పెరుగన్నం తిని నన్ను కేకలేసింది, అంటే బానే ఉంది. నంబరు నీదే ఇచ్చాను. మెసేజ్ వచ్చుంటుంది, సర్టిఫికెట్ దించి ఉంచు. రెండో డోసు నవంబరు 21 తర్వాత ఎప్పుడైనా వేయించుకోవచ్చు, అది కార్తీకమాసం. సోమవారాలు, ఏకాదశులు, ఉపవాసాలు అంటూ ఖాళీ కడుపుతో కూర్చుంటుంది, నా మాట వినదు. ముందు రోజే నువ్వు ఫోన్ చేసి తినేసి వెళ్ళమని చెప్పు. వీలైతే సెలవు పెట్టుకుని వచ్చెయ్, నువ్వే తీసుకెళుదువుగాని.

నీ రెండోది అయిందా లేదా, అది మాత్రం ఇవాళే చెప్పు.

నీ
మావ