బాతు పెట్టెలు కొన్నవాళ్లకు: మృగశిరకు ముందే ఒక సవరణ

కిందటి ఎండకాలం మా హనుమకొండ దుకాణంలో చెరువు బాతుల పెట్టె (అడవిబాతు గుడ్లు పెట్టుకునే గూటి పెట్టె) కొన్నవాళ్లకు ముందుగా మా తప్పు చెప్పాలి. మొదటి విడత పెట్టెలకు లోపలివైపు కూడా చిత్రిక పట్టి నున్నగా ఇచ్చాం. చూడ్డానికి బాగుంటుంది గానీ బాతుపిల్ల అందులోంచి బయటికి రాలేదు. పెట్టె లోపలి అడుగు నుంచి కంత దాకా పదహారు ఇంచులు ఎత్తు. పుట్టిన మర్నాటికల్లా పిల్ల ఆ గోడ ఎక్కి కిందికి దూకాలి. దానికి ఉన్న ఆధారం కాలిగోళ్లే. గోడ నున్నగా ఉంటే జారి జారి లోపలే చస్తుంది. తల్లి నోట కరుచుకుని దించదు, కింద నిలబడి పిలుస్తుంది, అంతే.

అందుకని పాత పెట్టెలన్నీ తీసుకురండి. కంత కింద నాలుగు ఇంచుల వెడల్పున, ఇంచికి ఒకటి చొప్పున, పావు ఇంచి లోతు రంపం గాట్లు పెట్టి ఇస్తాం. పైసా తీసుకోం. ఇంట్లో రంపం ఉంటే మీరే పెట్టుకోవచ్చు, ముందు పలక ఊడదీస్తే పావుగంట పని. ఇనుప జాలీ కొట్టమని కొందరు అడుగుతున్నారు. వద్దు. తుప్పు పట్టి అంచు లేచిందంటే పిల్లల కాళ్లు ఇరుక్కుంటాయి.

రెండో ఫిర్యాదు: "కార్తీకంలో పెట్టె పెట్టాం, చెరువు నిండా బాతులే, ఒక్కటీ రాలేదు." రావు. చలికాలంలో గుంపులుగా దిగే సూదితోక బాతులు, గరిటెముక్కు బాతులు వలస పక్షులు. అవి గుడ్లు పెట్టేది ఇక్కడ కాదు, ఉత్తరాన. ఏడాది పొడవునా ఇక్కడే ఉండే చుక్కముక్కు బాతు గట్టు పక్క గడ్డిలో నేల మీద పెడుతుంది, దానికి పెట్టెతో పని లేదు. మన పెట్టె చెట్టుతొర్రకు బదులు. తొర్ర వెతుక్కునే ఈలబాతు కోసం, తెల్లగా చిన్నగా ఉండే కాటన్ టీల్ కోసం. ముక్కు మీద బొడిపె ఉండే పెద్ద బాతు కూడా తొర్రల్లోనే పెడుతుంది గానీ నాలుగు ఇంచుల కంతలో అది పట్టదు. వీటి కాలం వానలతో మొదలవుతుంది. ఆరుద్ర కార్తె నుంచి భాద్రపదం దాకా చూడండి. ఆ మాటకొస్తే ఈలబాతు పాత కాకిగూట్లో, తుంగలో కూడా పెట్టేస్తుంది. పెట్టెకు వస్తుందని హామీ ఇచ్చి అమ్మలేం. గోరింకలో పైడికంటెలో (చిన్న గుడ్లగూబలు) ముందే చేరిపోవచ్చు.

పెట్టె నిలబెట్టేటప్పుడు ఎక్కువమంది చేస్తున్న పొరపాటు ఎత్తు. మే నెలలో నీళ్లు తగ్గినప్పుడు చూసి నాటుతున్నారు, శ్రావణంలో చెరువు మత్తడి దూకేసరికి పెట్టె అడుగు తడుస్తోంది. మత్తడి మట్టం మీంచి ఐదారు అడుగులు లెక్క వేసుకోండి. రెండు ఇంచుల జీఐ పైపు, రెండున్నర అడుగుల గుంత, కంకర కాంక్రీటు. కంత తూర్పుకో ఉత్తరానికో, నీళ్లవైపు తిరిగి ఉండాలి. పడమటి జల్లు లోపలికి కొడితే గుడ్లు చల్లబడతాయి. చెట్టుకు కట్టకండి, ఉడుముకూ జెర్రిపోతుకూ నిచ్చెన వేసినట్టే. పైపు మీద కూడా, పెట్టెకు ఒక అడుగు కింద, మూడు అడుగుల వెడల్పు రేకు శంకు బోర్లించాలి. శంకు విడిగా అమ్ముతున్నాం కదా అని చాలామంది వదిలేశారు. ఈసారి నుంచి శంకు లేకుండా పెట్టె ఇవ్వం, రేటు ఆ మేరకు పెరుగుతుంది.

లోపల నాలుగు ఇంచుల మందాన చిత్రిక పొట్టు పోయండి, రంపం పొట్టు కాదు. రంపం పొట్టు తేమ పీల్చి గట్టిపడుతుంది. ఈలబాతు గడ్డీ ఈకా పెద్దగా పరుచుకోదు, కాబట్టి పొట్టు లేకపోతే గుడ్లు పలక మీద దొర్లుతాయి. అడుగున ఐదు చిల్లులు మూసుకుపోలేదని చూడండి. రేకు పైకప్పు కావాలని అడగొద్దు, ఎండకు లోపల ఉడికిపోతుంది. లోపల వార్నిషు అసలే వద్దు.

బాతు రోజుకొక గుడ్డు చొప్పున ఏడు నుంచి పన్నెండు దాకా పెడుతుంది. అన్నీ అయ్యాకే పొదగడానికి కూర్చుంటుంది, అందుకే పిల్లలన్నీ ఇంచుమించు ఒకేరోజు గుడ్లలోంచి బయటికి వస్తాయి. ఈలబాతుకు ఇరవై రెండు నుంచి ఇరవై నాలుగు రోజులు, ఆడా మగా మార్చి మార్చి కూర్చుంటాయి. గుడ్లు పెట్టే రోజుల్లో మూత తీస్తే గూడు వదిలేసి పోయే ప్రమాదం ఎక్కువ. నలభై అడుగుల దూరం నుంచి కాదు, నలభై మీటర్ల నుంచి, బైనాక్యులర్స్‌తో, పొద్దుపొద్దున చూడండి. పిల్లలు దిగాక అన్నం, బ్రెడ్డు వేయకండి. వలలు వేసేవాళ్లతో ఒక మాట చెప్పి ఆ వారం గట్టు పక్క వల తీయించగలిగితే అంతకంటే పెద్ద సాయం లేదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిబాతు గుడ్లు తీయడం, గూడు చెడగొట్టడం నేరం. పాకాల అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ పెట్టె నాటకండి. ఊరి చెరువు శిఖంలోనైనా పంచాయతీనీ మత్స్య సంఘాన్నీ అడిగి నాటండి.

సవరణకు తెచ్చేముందు పాత పొట్టు పెట్టె బోర్లించి దులపండి. చేయి పెట్టి తీయకండి, తేళ్లుంటాయి.