మడత కుర్చీకి పేటెంటు ఎందుకు ఆగుతుంది?

సంపాదకుడికి,

నల్లగొండ, మహబూబ్‌నగర్ వెల్డింగ్ షాపుల్లో మడత కుర్చీ తయారుచేసి పేటెంటుకు పెట్టినవాళ్లు, తిరస్కరణ రాగానే ‘ఇలాంటిది మార్కెట్లో ఎక్కడుంది చూపించండి’ అంటారు. అప్పీలులో ఆ వాదన నిలవదు. కొత్తదైనా, పని తెలిసిన వెల్డర్‌కు ఇట్టే తట్టేదైతే 1970 పేటెంట్ల చట్టం పేటెంటు ఇవ్వదు. వర్క్‌షాపులో చేసుకునే మామూలు మెరుగు చాలదని సుప్రీంకోర్టు 1978లోనే, పాత్రలను లేతు మీద పట్టి ఉంచే పరికరం కేసులో చెప్పింది.

ఎక్స్ ఆకారంలో గొట్టపు కాళ్లు, మధ్యలో రివెట్, మడిచే సీటు, పక్కన గొళ్లెం అని క్లెయిమ్ (దేని మీద హక్కు కోరుతున్నారో చెప్పే భాగం) రాస్తే అన్నీ పాతవే, దేని పని అది చేస్తోంది. అలా పాతవాటిని ఊరికే ఒకచోట చేర్చినదానికి పేటెంటు ఇవ్వొద్దనే సెక్షన్ 3(ఎఫ్) కూడా అడ్డొస్తుంది. ఈ కుర్చీల అసలు జబ్బు రివెట్ దగ్గరుంది. బరువంతా ఆ పిన్ను మీదే పడి, పలచటి గొట్టంలో రంధ్రం కోలగా సాగి, కాళ్లు పక్కకు ఊగుతాయి. కూర్చోగానే సీటు అడ్డకమ్మీ మీద ఆని, బరువు పిన్నుకు తగలకుండా నేరుగా కాళ్లలోకి దిగేలా చేశారనుకోండి, వాదించడానికి సరుకు దొరుకుతుంది (పాత పేటెంట్లలో అది లేదని వెతికి చూసుకున్నాకే సుమా). ఎంత బరువుకు, ఎన్నిసార్లు మడిచాక రంధ్రం ఎంత సాగిందో పాత కుర్చీతో పోల్చిన లెక్క మొదటి స్పెసిఫికేషన్లోనే (దరఖాస్తుతో ఇచ్చే వివరణ పత్రంలోనే) ఉండాలి. తర్వాత కొత్త సంగతి చేర్చడానికి సెక్షన్ 59 ఒప్పుకోదు.

పాత మడత మంచం పేటెంటు చూపించి మీ కుర్చీని తిరస్కరిస్తే ‘మంచానికీ కుర్చీకీ సంబంధమేంటి’ అనీ అనకండి. 2007లో అమెరికాలో మడత ట్రెడ్‌మిల్‌ను మడత మంచం పేటెంటు చూపించే కొట్టేశారు. ఆ తీర్పు మన కోర్టులను కట్టడి చేయదు, కానీ తర్కం ఇక్కడా ఎదురవుతుంది.

తిరస్కరణ ఉత్తర్వు వచ్చిన మూడు నెలల్లో సెక్షన్ 117ఎ కింద అప్పీలు వేయాలి. మన దరఖాస్తులు చూసేది చెన్నై పేటెంటు ఆఫీసు. ఇలాంటి అప్పీళ్లు వినే మేధో సంపత్తి అప్పీలు బోర్డు 2021లో రద్దయ్యాక అక్కడి ఉత్తర్వులపై వెళ్లాల్సింది మద్రాసు హైకోర్టుకు. ఉత్తర్వులో ఏ పాత పత్రంతో పోల్చారు, తేడా ఏమిటి, అది ఎందుకు తట్టేదన్నారు అనే మూడూ ఉన్నాయా చూడండి. కారణాలు రాయకపోతే మళ్లీ విచారించమని కోర్టు వెనక్కి పంపే అవకాశముంది. రూపం మాత్రమే కొత్తదైతే డిజైన్ నమోదు మేలు: 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5.

ఇంకొకటి. ‘ఇంటింటా ఇన్నోవేటర్’ లాంటి, స్థానిక ఆవిష్కరణల ప్రదర్శనల్లో పెట్టడానికి ముందే దరఖాస్తు వేయాలి. చూపించాక దరఖాస్తు వేసుకోవడానికి సెక్షన్ 31 ఇచ్చే 12 నెలల వెసులుబాటు కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకే. ‘ప్రదర్శనకు ముందే పేటెంటు దరఖాస్తు వేయండి’ అనే ఒక్క వాక్యాన్ని ప్రదర్శన ఫారం పైభాగంలో తెలుగులో అచ్చు వేయించాలని జిల్లా అధికారులను కోరుతున్నాం.

– పేటెంటు దరఖాస్తులు రాసే మిత్రులు, నల్లగొండ