డ్రైవ్‌లో పాఠాలు పెట్టే బయాలజీ టీచర్లకు

నమస్తే అండి. మన హైదరాబాద్ బయాలజీ గ్రూప్ డ్రైవ్‌లో ఏదైనా పెట్టే ముందు లైసెన్సు చూడండి. ఉచితంగా దొరికినంత మాత్రాన మార్చుకునే హక్కు రాదు. ‘సీసీ బై’ (మూలకర్త పేరు చెప్పి వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు) ఉంటే మూలం, లైసెన్సు, చేసిన మార్పు రాసి తెలుగులో పంచుకోవచ్చు. ‘ఎన్‌డీ’ (మార్చినదాన్ని పంచుకోనివ్వని షరతు) ఉంటే లింకు మాత్రమే ఇవ్వండి. బొమ్మలో లేబుళ్లు తెలుగు చేసినా అది మార్పే.

పరిణామం పాఠానికి ఫెట్ (PhET) సైట్‌లోని ‘నేచురల్ సెలెక్షన్’ (ప్రకృతి వరణం) సిమ్యులేషన్ తప్పక వాడండి. ముందు కుందేలుకు జత కలపండి. గోధుమరంగు బొచ్చు ఉత్పరివర్తనం (మ్యుటేషన్, అంటే జన్యువులో మార్పు) పెట్టి, ఆ రంగు కుందేళ్లు కనిపించాకే తోడేళ్లను వదలండి. తోడేళ్లను ముందే వదిలితే, వాటి భయంతోనే రంగు మారిందని పిల్లలు అనుకుంటారు. పోగొట్టాల్సిన అపోహే అది! ఆ ఉత్పరివర్తనాన్ని అంతర్గత (రిసెసివ్) లక్షణంగా ఎంచుకుంటే ఆ రంగు తొలి తరాల్లో బయటపడదు, కంగారుపడకండి. తర్వాత అదే ప్రయోగం భూమధ్యరేఖ, ఆర్కిటిక్ రెండుచోట్లా నడిపి గ్రాఫులు పక్కపక్కన చూపించండి.

బొమ్మలు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గానే పంపండి, ఫొటోగా పంపితే లేబుళ్లు మసకబారతాయి. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) టైప్ చేసినవి యూనికోడ్‌లోకి మార్చి పెట్టండి, లేదంటే ఫోన్లలో గజిబిజి అక్షరాలే కనిపిస్తాయి.